పంటి వేరు

వల మీద పోసిన నెత్తళ్ళని రింకి వేళ్ళతో విడదీస్తోంది. ఒకదాని మీద ఒకటి పడితే అడుగున ఉన్నది మెత్తబడి కంపు కొడుతుంది. బరంపురంలో బడా బజార్ షావుకారు అలాంటివి ఏరి పక్కకి తోసేస్తాడు. అందుకని గుప్పెడు తీసి పలచగా చల్లడం, మళ్ళీ వంగి ఏ చేపకి ఆ చేప విడిగా ఉండేలా సర్దడం. పెదాలు బిగించుకునే ఆ పని చేస్తోంది. సముద్రం మీంచి వచ్చే పొద్దుటి గాలి నోట్లోకి వెళితే, పైవరసలో ముందు పళ్ళని ఆనుకుని ఉన్న పన్ను సూది దిగినట్టు సలుపుతోంది.

ఇసక మీదకి లాగి పెట్టిన ఫైబర్ బోటు నీడలో ఆడవాళ్ళు కూర్చున్నారు. రాత్రి వేటకి వెళ్ళిన బోట్లు తిరిగొచ్చేదాకా వాళ్ళకి పని లేదు. రింకి అత్త ముత్యాలమ్మ బొడ్లోంచి గుడాకు డబ్బా తీసింది. మూత తియ్యగానే బెల్లప్పాకమూ పొగాకూ కలిసిన వాసన వచ్చింది. చూపుడువేలితో కాస్త తీసుకుని డబ్బాని పక్కకి అందించింది. అది అలా చేతులు మారుతూ ఉంటుంది. ఆ నల్లటి ముద్దని చిగుళ్ళ మీద రుద్దుకుంటూ, ఇసకలో ఉమ్ముకుంటూ మాట్లాడుకుంటారు. ఎవరి మగడు ఏ రేవులో ఉన్నాడు, ఎవరి వల తెగింది, ఎవరి కోడలు ఫోన్లో ఎంతసేపు నవ్వింది, అన్నీ అక్కడే తేలతాయి.

పెళ్ళయి ఈ పేటకి వచ్చిన కొత్తలో రింకి ఆ నీడకి బయట నిలబడేది. పాత్రపూర్ దగ్గర మేనత్త ఇంట్లో, వరిచేల మధ్య పెరిగిన పిల్ల. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. అలాగని ఎవరూ జరగనూ లేదు. వానల్లో పన్ను సలపడం మొదలయ్యాక ముత్యాలమ్మే తన వేలితో ఇంత గుడాకు తీసి, "ఎట్టుకో, గడియలో ఊరుకుంతాది" అని ఇచ్చింది. నొప్పి నిజంగానే మొద్దుబారింది. తల తిరిగి రింకి బోటు అంచు పట్టుకుంటే మంగమ్మ పకపకా నవ్వి, పక్కకి జరిగి, "కూకో. ఇంక మన మడిసైపోనావు" అంది. ఆ రోజు నుంచి రింకికి ఆ నీడలో జానెడు చోటుంది. భర్త బబ్లూ మంగుళూరు రేవుకి బోటు పనికి వెళ్ళిపోయాక, ఈ పేటలో తనదని చెప్పుకోడానికి ఆమెకి ఉన్నది ఆ జానెడే.

ఇవాళ గుడాకు పని చెయ్యలేదు. పై పెదవి ఒక పక్కకి ఉబ్బింది.

"ఏటే, మూతిలో బూరె దాసినావేటి? మాకూ ఓ ముక్కెట్టు" అంది మంగమ్మ.

అందరూ నవ్వారు. రింకి కూడా నవ్వబోయి చెంగు అడ్డం పెట్టుకుంది. ముత్యాలమ్మ ఆమె గడ్డం పట్టుకుని వెలుగుకి తిప్పి, బొటనవేలితో పెదవి ఎత్తి చూసింది. పురుగు లోపలికి పోయిందని తేల్చింది. ఎలాగూ షావుకారు దగ్గరికి వెళ్ళాలి కాబట్టి ఇవాళే పీకించేస్తే సరిపోతుందంది. పన్ను పోయిందని పేటలో ఎవరూ బెంగ పెట్టుకోరు. మంగమ్మ బుగ్గ లాగి తన ఖాళీ చూపించింది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే పోలమ్మ, దాన్ని బయటికి తీసి, తనకి మిగిలిన రెండూ చూపించింది. ముత్యాలమ్మకి అయిదు పోయాయి.

రింకి చెంగు మళ్ళీ అడ్డం పెట్టుకుంది. బబ్లూ ఫోను చేసినప్పుడల్లా, "ఒకపాలి నవ్వవే సూస్తాను" అంటాడు. ఈ మధ్య ఆమె ఫోనుని కళ్ళు మాత్రమే కనిపించేలా పైకెత్తి పట్టుకుంటోంది.

*

షావుకారు కొట్లో గోనె దించి, బడా బజార్‌లోంచి ఒక సందులోకి తిరిగితే మేడ మీద పళ్ళ డాక్టరు సుధీంద్ర గది. బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఇద్దర్నీ చూసి కొంచెం జరిగారు. చోటివ్వడానికి కాదు, ఎండుచేపల వాసనకి.

లోపల్నించి ఒక కాలేజీ అమ్మాయి, వెనక వాళ్ళ నాన్న బయటికి వచ్చారు. ఊళ్ళోనే గోసాని నువాగాం వాళ్ళట. వాళ్ళ నాన్న ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. డాక్టరు గుమ్మం దాకా వచ్చి, "ముందు పన్ను కదమ్మా, తీసెయ్యడం అన్న మాటే లేదు. పుచ్చు నరం దాకా వెళ్ళింది, అంతే. నరం శుభ్రం చేసి పన్ను నిలబెడదాం. మూడు సార్లు వస్తే చాలు" అన్నాడు. ఆ అమ్మాయి నాలుకతో పై పెదవి లోపల తడుముకుంటోంది. రింకి గమనించింది. సరిగ్గా అదే పన్ను.

తమ వంతు వచ్చింది. డాక్టరు ముత్యాలమ్మని గుర్తుపట్టి, మళ్ళీ వచ్చావా అని పలకరించాడు. ఈసారి కోడలని తెలిసి రింకిని కుర్చీలో పడుకోబెట్టమన్నాడు. అక్కడ పనిచేసే చిన్న డాక్టరు, అన్విత, పెదవి లోపల చిన్న ఫిల్ము పెట్టి ఎక్స్‌రే తీసింది. సుధీంద్ర అద్దం పెట్టి ఒక్కసారి చూశాడు. చూసి, రింకితో కాదు, గోడవారగా స్టూలు మీద కూర్చున్న ముత్యాలమ్మతో అన్నాడు.

"గుడాకు పెడుతుందా? పుచ్చు బాగా లోతుకి పోయింది, చీము కూడా పట్టింది. తీసేద్దాం. ఇవాళే అయిపోతుంది."

ముత్యాలమ్మ తలూపింది. అన్విత ఫిల్ముని దీపం ముందు పట్టుకుని నిలబడిపోయింది. వేరు బాగానే ఉంది సర్, నిలుస్తుంది, అని మెల్లిగా అంది. సుధీంద్ర తొడుగులు మార్చుకుంటూ ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. పదో తరగతి దాకా చదివిన రింకికి ఆ ఇంగ్లీషు అందింది. వీళ్ళు రెండో సిట్టింగ్‌కి రారు. నొప్పి తగ్గగానే మానేస్తారు, పన్ను సగంలో కుళ్ళిపోతుంది, అప్పుడు నన్ను తిడతారు. కోపంగా అనలేదు. చాలాసార్లు చూసి విసిగిన మనిషి అన్నట్టే అన్నాడు.

రింకి నోట్లో దూది ఉంది. ఏదో అంది, ఎవరికీ వినపడలేదు. వేళ్ళతో దూది తీసేసి చేతిలో పట్టుకుంది.

"నానొస్తాను."

డాక్టరు తిరిగి చూశాడు.

"నానొస్తాను బాబూ. ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లూ వొస్తాను. బయట ఆ పాపకి ఉంచినట్టే నాకూ ఉంచండి."

స్టూలు కిర్రుమంది. అత్త ముఖం చూడాలంటే రింకి తల తిప్పాలి. తిప్పలేదు.

సుధీంద్ర అద్దం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "గుడాకు మానగలవా? అది మానకపోతే ఎన్ని చేసినా దండగ" అన్నాడు. అప్పుడు రింకికి డబ్బా గుర్తు రాలేదు. బోటు నీడ గుర్తొచ్చింది. మంగమ్మ పక్కన ఇసకలో తను కూర్చునే చోటు, అక్కడ పడ్డ చిన్న గుంట.

"మానేస్తాను" అంది.

చిగురుకి సూది పొడిచారు. పెదవి మొద్దుబారి ఎవరిదో అయిపోయింది. చిన్న మర కీచుమంటూ తిరుగుతుంటే ముత్యాలమ్మ స్టూలు మీంచే, "పురుగు అగుపించినాదా అమ్మా?" అని అడిగింది. పురుగు ఉండదని అన్విత చెప్పింది. తీపి తిన్నాక పంటి మీద పాచి మిగిలితే, కంటికి కనపడని క్రిములు ఆ తీపిని తిని పులుపు వదులుతాయట. ఆ పులుపుకి పన్ను రోజూ కొంచెం కొంచెం కరుగుతుందట. మొదట్లో ఒక చుక్క. అప్పుడే వస్తే ఒక్క పూటలో పూడ్చేస్తారు. "గుడాకులో పొగాకు నొప్పి తెలియనివ్వదు. పాకం పుచ్చుని పెంచుతుంది. తగ్గిందనుకుంటూ ఉంటారు, అది లోపల తింటూనే ఉంటుంది" అంది. లంగరు గొలుసు పైకి బాగానే కనపడుతూ, ఉప్పునీళ్ళలో ఉన్న దగ్గర తుప్పు తినేసి ఉండడం రింకి చూసింది. ఇన్నాళ్ళూ పోయిందనుకున్న నొప్పి ఎక్కడికీ పోలేదన్నమాట.

చీము తీసి, లోపల మందు పెట్టి, పైన తెల్లగా తాత్కాలికంగా మూశారు. పొద్దున్నా, రాత్రి పడుకునే ముందూ తోముకోవాలి. తీపి టీ తాగితే నీళ్ళతో పుక్కిలించాలి. శుక్రవారం తప్పకుండా రావాలి.

"రాకపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు సుధీంద్ర. ఈసారి రింకితోనే అన్నాడు.

సందు మలుపులో రింకి ఒక బ్రష్షూ పేస్టూ కొనుక్కుంది. గోపాల్‌పూర్ బస్సులో ముత్యాలమ్మ కిటికీ వైపు కూర్చుంది. ఖాళీ గోనె మడిచి ఒళ్ళో పెట్టుకుని, పేట వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

*

మర్నాడు పొద్దున్న రింకి ఇంటి వెనక గొట్టపుబావి దగ్గర తోముకుంది. తెల్లటి నురగ చూసి పక్కింటి కోడిపెట్ట దగ్గరకొచ్చి, ఒకసారి పొడిచి వెళ్ళిపోయింది. తర్వాత తట్ట దించి, నెత్తళ్ళు పరిచి, ఎప్పటిలాగే బోటు నీడలోకి వెళ్ళి తన చోట కూర్చుంది.

డబ్బా తిరుగుతూ మంగమ్మ దాకా వచ్చి ఆగింది. ముత్యాలమ్మ చెయ్యి చాచి దాన్ని తీసుకుని, అందరూ చూస్తుండగా రింకి ముందు పెట్టింది.

"వద్దత్తా. డాక్టరుగారు మానీమన్నారు కదా."

పోలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"ఓలమ్మా, బరంపురం దొరసాని దిగినాది" అంది మంగమ్మ. "మా ఏళ్ళు ముంచిన డబ్బా ఇంక పనికిరాదేటి?"

"అలా కాదొదినా."

"మరెలాగ? మా పళ్ళూడిపోతే మా మొగుళ్ళు మమ్మల్ని ఒగ్గీసినారేటి?"

నవ్వులు లేచాయి. రింకి కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు తన మీదేనని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ముత్యాలమ్మ డబ్బా మూత బిగించి బొడ్లో దోపుకుంది. మాట వేరేవాళ్ళ వల మీదకి మళ్ళింది. రింకి చేతులు ఏం చెయ్యాలో తెలియక ఇసకలో గవ్వ ముక్కలు ఏరింది.

ఆ మరుసటి రోజు ఆమె వెళ్ళేసరికి ఆ జానెడు చోటులో మంగమ్మ తట్ట ఉంది. ఎవరూ పొమ్మనలేదు. తట్ట తియ్యనూ లేదు. రింకి కాసేపు నిలబడి, నెత్తళ్ళు చూసుకోవాలన్నట్టు వెనక్కి తిరిగి, వల పక్కన ఎండలో కూర్చుంది. అక్కడికి వాళ్ళ మాటలు వినపడవు, నవ్వు మాత్రమే వినపడుతుంది. కాకులు వచ్చినప్పుడు కర్ర ఊపింది. మధ్యాహ్నానికి తల పగిలిపోతున్నట్టు నొప్పి. నోరూరుతోంది. ఊరికే కోపం వస్తోంది, కాకుల మీద కూడా. అన్విత ముందే చెప్పింది, గుడాకు మానితే కొన్నాళ్ళు ఇలా ఉంటుందని. బోటు నీడ గురించి ఆమె ఏమీ చెప్పలేదు.

పన్ను సలపడం లేదు. వాపు తగ్గిపోయింది. సాయంత్రం చెప్పులు తొడుక్కుని కోమటి కొట్టుకి వెళ్ళి వస్తూ, ఆగి ఉన్న మోటారు సైకిలు అద్దంలో రింకి పెదవి ఎత్తి చూసుకుంది. పళ్ళ మీద గుడాకు మరక ఇంకా ఉంది గాని, పన్ను ఉంది. ఇవాళ బబ్లూ అడక్కుండానే నవ్వాలనుకుంది.

అన్నం వార్చేసరికి ఫోను మోగింది. ఆమె ముఖం తుడుచుకుని, ఫోనుని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. బబ్లూ వెనక రేవులో దీపాలు, ఎవరో కన్నడంలో అరుస్తున్నారు.

"అమ్మ సెప్పినాది" అన్నాడు. "ఎందుకే ఇదంతా? పీకించేస్తే పోనాది గదా. ఆ పన్నుంచుకుని ఎవులికి సూపించాల నువ్వు?"

నవ్వడానికని రింకి సిద్ధం చేసుకున్న ముఖం అలాగే ఉండిపోయింది.

"ఏటీ, ఇనపడతందా?"

"కూర మాడిపోతంది" అని ఫోను పెట్టేసింది. పొయ్యి మీద కూర లేదు. గంజి ఆవిరి పోయేదాకా అక్కడే కూర్చుంది. పడుకునే ముందు వెళ్ళి మళ్ళీ తోముకుంది.

*

గురువారం బోట్లు నిండుగా వచ్చాయి. ఇంటి ముందుగదిలో నాలుగు తట్టల నెత్తళ్ళు ఉప్పు కలిపి పెట్టారు. తెల్లవారగానే పరవాలి. పరిచాక ఎండ ఎక్కేలోపు ఒకసారి తిరగెయ్యాలి, కుక్కలు రాకుండా కాయాలి. ఉప్పు చేతులు కడుక్కుంటూ ముత్యాలమ్మ చెప్పింది. రేపు బరంపురం కుదరదు, సరుకు కుళ్ళిపోతుంది, వచ్చే వారం చూద్దాం.

రింకి తలెత్తలేదు. వచ్చే వారం వెళితే ఆ డాక్టరు ఏమంటాడో ఆమెకి తెలుసు. ఏమీ అనకపోవచ్చు కూడా. అన్విత వైపు ఒకసారి చూసి తొడుగులు వేసుకుంటాడు. నేను చెప్పలేదా అన్నట్టు.

కంచాల్లో అన్నం పెట్టింది. ముత్యాలమ్మ చేపల పులుసు పోసుకుని, మెతుకు మెతుకూ నలిగేదాకా వేళ్ళతో పిసికింది. ముద్ద ఎడమ దవడకి తోసి, అక్కడే తిప్పి తిప్పి మింగింది. చేపముక్క ముట్టుకోలేదు. రింకి ఆ ముక్కని ముల్లు తీసి, మెత్తగా చిదిపి అత్త కంచంలో పెట్టింది. రోజూ చేసేదే. ఎందుకు చేస్తోందో ఇవాళే గమనించుకున్నట్టు, చెయ్యి ఒక క్షణం ఆగింది.

చెయ్యి కడుక్కుని వచ్చి ముత్యాలమ్మ అడిగింది.

"ఆ నల్ల కాయితం ఏదే?"

"ఏ కాయితం?"

"పన్ను పోటో. నీకిచ్చినారు గదా."

మందుల కవర్లోంచి రింకి ఆ చిన్న ఫిల్ము తీసి ఇచ్చింది. ముత్యాలమ్మ బల్బు కిందకి వెళ్ళి దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుంది. దగ్గరకి తెచ్చి, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరకి తెచ్చింది.

"ఇదేటి? ఇంత పొడుగ్గా?"

"యేరత్తా. పంటి యేరు. మనకి అగుపించీది కొసే. మిగతాదంతా లోపలుంతాది."

"ఇంతుంతాదా?"

"ఆఁ."

"అందరికీ ఇంతే ఉంతాదా?"

"అందరికీ అంతేనత్తా."

ముత్యాలమ్మ ఫిల్ము దించలేదు. ఆమె బుగ్గ లోపల నాలుక కదులుతోంది. ఒక ఖాళీ దగ్గర ఆగి, ఇంకో ఖాళీకి వెళ్ళి, అలా వరసంతా తడుముకుంటోంది. బల్బు చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. వీధిలో ఎవరో ఒడియాలో పిల్లల్ని ఇంట్లోకి కేకేస్తున్నారు.

"అయిదు తీసినాడు" అంది చివరికి. "ఆ కుర్సీలోనే. ఉంచమంతావా, తీసీమంతావా అని ఒక్కపాలీ అడగనేదు."

రింకి నిలబడే ఉంది.

"ఉంచొచ్చని నాకెవులూ సెప్పనేదే."

ఆమె గొంతులో కోపం లేదు. పోయిన వస్తువు ఎక్కడ పోయిందో ఇన్నాళ్ళకి తెలిసిన మనిషిలా అంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్న అత్త రింకికి గుర్తొచ్చింది. తను మాట మీరి మాట్లాడినందుకే ఆ మౌనం అనుకుంది ఇన్నాళ్ళూ.

ముత్యాలమ్మ ఫిల్ముని చెంగుతో తుడిచి, అంచులు పట్టుకుని జాగ్రత్తగా ఇచ్చేసింది. చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

*

తెలతెలవారుతుండగా రింకి లేచి, గొట్టపుబావి దగ్గర తోముకుని వచ్చింది. బయటికి కట్టుకునే చీర దండెం మీంచి తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని మళ్ళీ దండెం మీద వేసింది. మందుల కవరు సంచిలో పెట్టి, తీసి, గూట్లో పెట్టింది. నాలుగు తట్టలు. ఒక్క మనిషి చేసే పని కాదు. రెండు తట్టలైనా పరిచి పెడితే, ఆ తర్వాత... ఆ తర్వాత బస్సు ఉండదు.

నాలుకతో పన్ను తడుముకుంది. తెల్లటి మందు అంచు ఒక దగ్గర కొద్దిగా గరుగ్గా తగిలింది. అరుగుతోంది.

పాతచీర చెంగు బొడ్లో దోపుకుని, గుడ్డ చుట్టని కుదురులా నెత్తిన పెట్టుకుని, తట్ట ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ తట్ట అంచు మీద వేసింది.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె నెత్తి మీది గుడ్డ చుట్ట తీసేసుకుంది.

ముత్యాలమ్మ అప్పటికే ముఖం కడుక్కుని ఉంది. డబ్బా ఎప్పటిలాగే బొడ్లో ఉంది, అంచు కనపడుతోంది. ఆమె చుట్టని తన నెత్తిన సర్దుకుంది. కాలితో గుమ్మం పక్కనున్న రింకి చెప్పుల జతని వాకిలి వైపు తోసింది. వంగి, తట్టని మోకాలి మీదకి, అక్కణ్ణించి ఛాతీ మీదకి, ఒక్క ఊపుతో నెత్తి మీదకి ఎత్తుకుంది. ఉప్పునీరు కణత మీంచి మెడ మీదకి కారింది. తుడుచుకోలేదు.

రింకి లేచి నిలబడింది. దండెం మీది చీర వైపు చూసింది, అత్త వైపు చూసింది.

ముత్యాలమ్మ గడప దాటి, ఇసక వైపు వెళ్ళిపోయింది.